క్యాలెండర్‌లో అనాథలు, తండాలో తల్లి: వరంగల్ దగ్గరి ఒక బాలల గృహం కేసు

ఇది అక్కాతమ్ముళ్ల కేసు. కేసు మా దగ్గరికి వచ్చేనాటికి అక్కకు పదమూడేళ్లు, తమ్ముడికి ఏడేళ్లు. లంబాడా కుటుంబం, మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా వాళ్ల సొంత చోటు. తండ్రి చనిపోయాడు, తల్లి ఉంది. అప్పటికి మూడేళ్లుగా ఇద్దరూ వరంగల్ జిల్లాలో, నర్సంపేట వెళ్లే దారిలో ఒక పాస్టరు గారి కుటుంబం నడుపుతున్న బాలల గృహంలో పెరుగుతున్నారు. అక్కడ తిండికి, బట్టకు, చదువుకు లోటు లేదు. పిల్లల మీద చెయ్యి చేసుకోవడం లేదు. దానికి రిజిస్ట్రేషన్ ఉంది, తనిఖీలో మెప్పు పొందిన రికార్డులున్నాయి. అయినా దీన్ని కేసుగా రాస్తున్నాను. పిల్లలను హింసించే హోముల గురించి మా సామాజిక కార్యకర్తల వృత్తిలో చాలా రాశాం, చాలా మాట్లాడుకున్నాం. ప్రేమగా చూసుకునే హోములో కూడా తల్లి కొంచెం కొంచెంగా బిడ్డకు ఎలా పరాయిదవుతుందో, దాన్ని వెనక్కి తిప్పాలంటే ఎవరెవరు ఏం చేయాలో అంతగా చెప్పుకోలేదు.

పిల్లల గుర్తింపు బయటపడే వివరాలు ప్రచురించకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. అందుకే పేర్లు, ఊళ్లు రాయలేదు. కొన్ని వివరాలు మార్చాను.

కేసు మా దగ్గరికి వచ్చిన తీరు

సంక్రాంతి దాటాక తల్లి బాలల సంక్షేమ సమితి (సంరక్షణ అవసరమైన పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే జిల్లా సమితి) ముందుకు వచ్చింది. చేతిలో చుట్టిన క్యాలెండర్ ఉంది. బల్ల మీద పరిచింది. పైన బైబిలు వాక్యం, నడుమ పిల్లల ఫొటోలు వరుసలుగా ఉన్నాయి. రెండో వరుసలో ఆమె కూతురు, కొడుకు. కింద ఎర్ర అక్షరాలతో 'తల్లిదండ్రులు లేని ఈ చిన్నారులను ఆదుకోండి' అని, ఫోను నంబరు. తండా పక్క ఊళ్లో కిరాణా కొట్టు గోడకు అది వేలాడుతోందట. ఆమెకు చదువు రాదు. ఫొటో గుర్తుపట్టి, కింద ఏం రాసి ఉందని కొట్టతన్ని అడిగింది. అతను చదివి వినిపించాడు.

"నేను బతికే ఉన్నాను కదా సార్. నా పిల్లలకు తల్లి లేదని ఎవరు రాశారు?" అని అడిగింది. కోపంగా అడగలేదు. ఆఫీసులో ఒక కాగితం పోతే మరో కాగితం ఎలా తెచ్చుకోవాలో కనుక్కునే మనిషిలా అడిగింది. పిల్లలను తిరిగి ఇమ్మని మాత్రం అడగలేదు. ఇది ముఖ్యమైన విషయం. ఇస్తే ఎలా సాకాలో ఆమెకు తెలియదు.

సమితి నన్ను సామాజిక విచారణ చేసి, పిల్లల వ్యక్తిగత సంరక్షణ ప్రణాళికను మళ్లీ రాయమని కోరింది. పాత ప్రణాళిక ఫైలులోనే ఉంది. 'కుటుంబంతో సంబంధాలు' అన్న చోట 'తల్లి అప్పుడప్పుడు వస్తుంది' అని ఒక్క వాక్యం ఉంది. 'పునరావాస లక్ష్యం' అన్న చోట 'చదువు పూర్తయ్యే వరకు సంస్థలో' అని ఉంది. ఇలాంటి వాక్యాలు మన జిల్లాల్లో ఎన్ని ఫైళ్లలో ఉన్నాయో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు.

ఆ కుటుంబం, ఆ ఇల్లు

పాస్టరు గారిని పిల్లలు అయ్యగారు అంటారు, ఆయన భార్యను అమ్మగారు అంటారు. చిన్నవాళ్లు ఒట్టి 'అమ్మ' అనే అంటారు. వాళ్లకు ఇద్దరు సొంత పిల్లలు: పదో తరగతి చదివే అమ్మాయి, ఆరో తరగతి అబ్బాయి. అది బాలికల గృహం. పదేళ్లలోపు మగపిల్లలను కూడా ఉంచుకోవచ్చు కాబట్టి నలుగురైదుగురు చిన్న పిల్లవాళ్లు ఉన్నారు, వాళ్ల పడకలు, స్నానాలు వేరు. గృహం బాధ్యత అమ్మగారిది. రాత్రి తొమ్మిది తర్వాత అయ్యగారు బాలికల పడకగదుల వైపు వెళ్లరు. ఈ నియమం కాగితం మీదే కాక నిజంగానే నడుస్తోందని పిల్లలతో విడివిడిగా మాట్లాడి రూఢి చేసుకున్నాను.

తెల్లవారుజామున ఐదింటికి గంట కొడతారు. ప్రార్థన, పాటలు. తర్వాత వాకిలి ఊడ్చేవాళ్లు కొందరు, తొట్లు నింపేవాళ్లు కొందరు. బోరు మోటారు పొద్దున ఒకసారే వేస్తారు కాబట్టి ఆ గంటలోనే స్నానాలు, బట్టలు అన్నీ ముగించాలి. ఉప్మా, అటుకులు, కిచిడీలలో ఏదో ఒకటి తిని ప్రభుత్వ బడికి నడిచి వెళ్తారు. మధ్యాహ్నం బడిలో భోజనం. సాయంత్రం వచ్చేసరికి శనగలో సర్వపిండో ఉంటుంది. ఏడింటి దాకా చదువు, తర్వాత మళ్లీ ప్రార్థన, అన్నం, పప్పు, పచ్చిపులుసు. ఆదివారం కోడికూర. ఆదివారం మధ్యాహ్నం వరండాలో అమ్మగారు చాప మీద కూర్చుని ఒక్కొక్కరి తలలో పేలు చూసి, నూనె రాసి, జడ వేస్తారు. ఆ వరుస ముగిసేసరికి పొద్దు వాలుతుంది. గృహంలో ప్రతి పిల్లకూ అమ్మగారు పూర్తిగా తనకే దక్కే సమయం ఆ పది పన్నెండు నిమిషాలు. పిల్లలు తమ వంతు కోసం ఎదురుచూస్తారు.

ఆ వరుసలో ఆమె సొంత కూతురు చివర కూర్చుంటుంది. "ఆఖరున కూర్చుంటే వెనక ఎవరూ తొందరపెట్టరు, అమ్మతో కొంచెం ఎక్కువసేపు ఉండొచ్చు" అని ఆ అమ్మాయి నాతో చెప్పింది. మిషనరీ కుటుంబాల పిల్లల గురించి ఎవరూ ఫైలు తెరవరు. ఆ అమ్మాయికి ప్రత్యేకంగా గది లేదు, పుట్టినరోజుకు కొత్త గౌను కొంటే అందరికీ కొనాలి, లేకపోతే తనకూ ఉండదు. తల్లిదండ్రుల మీద ఆమెకు గౌరవం ఉంది, కోపం కూడా ఉంది. రెండూ న్యాయమైనవే. ఈ కేసు ప్రణాళికలో ఆ పిల్లను కూడా లెక్కలోకి తీసుకున్నాను. అమ్మగారు అలిసిపోతే దాని ఫలితం అందరికంటే ముందు పడేది ఆ ఇద్దరు సొంత పిల్లల మీదే. ఆ అలసటలో ఉన్న మనిషి మరో తల్లి రాకను కూడా అదనపు పనిగానే చూస్తుంది.

అయ్యగారి గతం తెలియకపోతే ఆ గృహం నడిచే పద్ధతి అర్థం కాదు. ఉత్తర తెలంగాణకు మిషన్ బోర్డింగులు కొత్త కాదు. అమెరికన్ బాప్టిస్టులు హనుమకొండలో 1879లోనే పని మొదలుపెట్టారు. 1912లో వి.ఎస్. అజరయ్య డోర్నకల్‌కు బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో ఆయనే తొలి భారతీయ బిషప్. ఆ సంఘాల బడులు, బోర్డింగుల వల్ల ఊరి బయటి వాడల పిల్లలు అక్షరం నేర్చుకుని టీచర్లు, నర్సులు, గుమాస్తాలు అయ్యారు. అయ్యగారు కూడా బోర్డింగ్ పిల్లవాడే. ఆయన తల్లి కూలికి పోయేది. వేసవి సెలవులకు, క్రిస్మస్‌కు మాత్రం ఇంటికి పంపేవారట. "మా అమ్మ నన్ను బోర్డింగ్‌లో వదలకపోతే నేను ఈ రోజు పత్తి చేలో ఉండేవాణ్ణి" అన్నారు. ఆయన బతుకులో అది అక్షరాలా నిజం. తల్లికి దూరంగా ఉండటం చదువుకు చెల్లించాల్సిన మూల్యమని ఆయన మనసులో గట్టిగా నాటుకుంది. ఈ పిల్లల విషయంలోనూ ఆ మూల్యం తప్పదనే అనుకున్నారు.

ఆయనకు తన చిన్నతనం ఎలాంటిదో చెప్పడం నా పని కాదు. అప్పుడు తండాకు బడి లేదు, బస్సు లేదు, గురుకులం లేదు, కుటుంబానికి నేరుగా డబ్బిచ్చే పథకం లేదు. ఇప్పుడు అవి ఉన్నాయి. మారింది ఆ ఒక్క సంగతే అని, దాన్ని బట్టి మన నిర్ణయం కూడా మారాలని ఆయనతో వాదించాను.

తల్లి దూరమైన దారి

భర్త పూడిక తీసే పనికి పోయి బావిలో మట్టిపెళ్లలు విరిగిపడి చనిపోయాడు. మరణం నమోదు కాలేదు. ధ్రువపత్రం లేదు కాబట్టి వితంతు పింఛను లేదు. పత్తి తీసే రోజుల్లో తండా చుట్టుపక్కలే పని దొరుకుతుంది. మిరప కోతలు మొదలైతే ముఠాలతో కలిసి జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఊళ్లు తిరగాలి, చేల దగ్గరే గుడారాల్లో ఉండాలి. మొదటి ఏడు పిల్లలను వెంట తీసుకెళ్లింది. అమ్మాయి బడి పోయింది. పిల్లవాడికి అప్పుడు నాలుగేళ్లు. మిరప ఘాటుకు రాత్రంతా దగ్గుతుంటే ఏం చేయాలో ఆమెకు తోచలేదు. తండాలో ప్రార్థన పెట్టే ఒకతను ఈ గృహం సంగతి చెప్పాడు. గృహంవాళ్లు పిల్లలను పద్ధతి ప్రకారమే సమితి ముందు హాజరుపరిచి ఉత్తర్వు తీసుకున్నారు.

అంటే ఆమెకు సమస్య ఏడాదిలో నాలుగు నెలలు. మనం ఇచ్చిన పరిష్కారం చదువు పూర్తయ్యే దాకా, ఏళ్ల తరబడి. సమితి కాగితాల్లో అప్పుడే ఈ లెక్క వేసి ఉంటే పిల్లలు ఆ సీజను దాటగానే తిరుగుముఖం పట్టేవాళ్లు.

ఆ తర్వాత జరిగినవన్నీ చిన్న చిన్న సంగతులు. తల్లి నెలకోసారి వస్తే ఆఫీసు గదిలో, ప్లాస్టిక్ కుర్చీలో, అరగంట కూర్చోబెట్టేవారు. ఆ గదిలో అందరి ముందు ఆమె పిల్లవాణ్ణి ఒళ్లోకి తీసుకోవడానికి కూడా మొహమాటపడేది. వచ్చేటప్పుడు తెచ్చిన జొన్నరొట్టెలు 'పిల్లలందరికీ సరిపోవు' అని పక్కన పెట్టేవారు. బడిలో చేర్చేటప్పుడు ఇద్దరికీ బైబిలు పేర్లు రాయించారు. ఇంట్లో పెట్టిన పేర్లు ఆధార్‌లో ఉండిపోయాయి. ఇక భాష. పిల్లవాడు వచ్చినప్పుడు లంబాడీ తప్ప ఏమీ రానివాడు. ఇప్పుడు తెలుగు తప్ప ఏమీ రావడం లేదు. అక్కకు వచ్చు కానీ, మిగతా పిల్లలు నవ్వుతారని తమ్ముడితో ఆ భాషలో మాట్లాడటం మానేసింది. నేను ఉన్నప్పుడే తల్లి కొడుకును ఏదో అడిగింది, వాడు అక్క ముఖం చూశాడు. అక్క తెలుగులో చెప్పాక సమాధానమిచ్చాడు. ఆమె కన్నబిడ్డతో ఆ రోజు జరిగిన సంభాషణ అంతా అలాగే, మధ్యలో అక్క ఉండి నడిపించినట్లు జరిగింది.

భారతదేశం 1992లో ఆమోదించిన ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడికలో 20వ అధికరణం ఉంది. కుటుంబానికి దూరంగా పెరిగే బిడ్డకు తన జాతి, మతం, సంస్కృతి, భాషల కొనసాగింపు ఉండేలా చూడాలని అది చెబుతుంది. మన సంరక్షణ ప్రణాళికల్లో ఆహారం, ఆరోగ్యం, చదువు గురించి పేజీలు నింపుతాం. భాష గురించి రాయడానికి ఒక గడి కూడా పెట్టుకోం.

మరి క్యాలెండర్? దాని వెనక దురుద్దేశం వెతికాను, దొరకలేదు. డబ్బు ఇబ్బంది దొరికింది. 2020 దాకా ఈ గృహానికి ఒక పెద్ద క్రైస్తవ సంస్థ తనకు వచ్చిన విదేశీ విరాళాల్లోంచి నెలనెలా కొంత పంపేది. ఆ ఏడాది సెప్టెంబరులో విదేశీ విరాళాల చట్టానికి చేసిన సవరణతో, అలా వచ్చిన డబ్బును మరో సంస్థకు బదిలీ చేయడం నిషేధమైంది. ఒక్కసారిగా బియ్యానికే కటకట వచ్చింది. అయ్యగారు హైదరాబాద్, వరంగల్ సంఘాల చుట్టూ తిరిగారు. ఒక ప్రెస్సు యజమాని క్యాలెండర్లు ఉచితంగా అచ్చువేస్తానన్నాడు. ఆ వాక్యం కూడా అతనే రాశాడు. 'ఒంటరి తల్లి పేదరికం వల్ల' అని రాస్తే విరాళం రాదని, 'తల్లిదండ్రులు లేని' అంటే వస్తుందని అతని అనుభవం. అయ్యగారు ఆ మాట కాదనలేదు. ఆ మాట వల్ల నిజంగానే బియ్యం వచ్చాయి. 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడే పని అని ఆయనకు తెలియదు. తెలిశాక ఆయన ముఖం పాలిపోయింది. దాతలు ఇచ్చే ప్రతి రూపాయీ తల్లిని కొంచెం చెరిపేస్తే తప్ప రాని పరిస్థితి ఎవరు తెచ్చిపెట్టారని మనం దాతలను కూడా అడగాలి. గుడిలోనైనా, చర్చిలోనైనా, లయన్స్ క్లబ్బులోనైనా ఈ అలవాటు ఒక్కటే.

చేసిన పని

మొదటి సమావేశంలోనే అమ్మగారు అడిగారు: "మేము చేసిన తప్పేమిటమ్మా? వాడికి జ్వరం వస్తే రాత్రంతా ఎంజీఎం ఆసుపత్రిలో కూర్చున్నది నేను." ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకూడదు. తప్పు ఒప్పుల లెక్క తీయడానికి రాలేదని, ఆ రాత్రి ఆసుపత్రిలో మీ పక్కన వాడి తల్లి కూడా ఉండి ఉంటే వాడికి ఇంకా మేలు కదా అని అడిగాను. జ్వరం వచ్చిన సంగతి తల్లికి చెప్పలేదు. 'పాపం ఆమె కంగారు పడుతుంది' అని చెప్పలేదు. ఆ రోజు అక్కడితో ఆగాం.

తర్వాత మార్పులు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అన్నిటికంటే ఎక్కువ పనిచేసింది ఆఫీసు గదిలోని కుర్చీ తీసేయడం. తల్లి వస్తే ఆదివారం పొద్దంతా ఉండాలి, వంటింట్లోకి రావాలి, తన పిల్లల తల తానే దువ్వాలి అని ఒప్పించాను. మొదటి ఆదివారం ఆమె వరండా అంచున కూర్చుంది. అమ్మగారు చాట నిండా ఎండుమిర్చి తెచ్చుకుని తొడిమలు తీస్తున్నారు. ఆమె కాసేపు చూసి, చాట తన వైపు లాక్కుంది. మిరప తొడిమలు తీసే కూలితో బతికిన చేతులవి. అమ్మగారు గుప్పెడు తీసేలోపు ఆమె చాట ఖాళీ చేసింది. పిల్లలు చుట్టూ మూగారు. పిల్లవాడు 'మా యాడి' (మా అమ్మ) అని పక్కవాడికి చెప్పాడు. మూడేళ్లలో ఆ పిల్లలు ఆమెను ఏదైనా పని చేసే మనిషిగా చూడటం అదే మొదటిసారి. అంతవరకు ఆమె వాళ్ల దృష్టిలో కుర్చీలో కూర్చుని ఏడ్చి వెళ్లే మనిషి.

ఆ రోజు నుంచి అమ్మగారు ఆమెకు ఒక్కొక్కటే అప్పజెప్పడం మొదలుపెట్టారు. పిల్లవాడు పక్క తడుపుతాడు, రాత్రి పదకొండింటికి ఒకసారి లేపాలి, లేపినప్పుడు దీపం వేయకూడదు, భుజం తట్టి నడిపించాలి. దగ్గు వస్తే ఏ మందు, ఎంత. పెరుగు తింటే జలుబు చేస్తుందని తల్లి అంటే అది నిజం కాదని అమ్మగారు, నిజమేనని తల్లి, ఇద్దరూ గట్టిగానే వాదించుకున్నారు. ఆ వాదన వింటుంటే నాకు సంతోషం కలిగింది. వాడి గురించి వాదించే హక్కు తనకు ఉందని ఆమెకు అనిపించాకే అలా వాదించింది.

క్యాలెండర్లు వెనక్కి తెప్పించారు, దొరికినంతవరకు. కొత్త కరపత్రంలో పిల్లల ఫొటోలు లేవు. గృహం వాకిలి, వంటిల్లు, నెల ఖర్చు వివరం ఉన్నాయి. విరాళాలు కొంత తగ్గాయి. తర్వాత వచ్చినవి మాత్రం బియ్యం, పప్పు రూపంలో దగ్గరి సంఘాల నుంచి ఎక్కువగా వచ్చాయి. తగ్గిన మేరకు గృహం ఇప్పటికీ ఇబ్బంది పడుతోంది.

పేర్ల విషయం విసిగించింది. లంబాడాలు తెలంగాణలో షెడ్యూల్డు తెగ. తెగ హోదాకు మతంతో సంబంధం లేదు, క్రైస్తవులైనా పోదు. కానీ బడి రిజిస్టరులో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, తండ్రి కుల ధ్రువపత్రంలో ఇంటిపేరు మరో రకంగా ఉంటే రేపు స్కాలర్‌షిప్‌కూ గురుకుల సీటుకూ పిల్ల ఆఫీసుల చుట్టూ తిరగాలి. పదో తరగతికి ముందే సరిచేయించాలి, ఆ మెమో వచ్చాక మార్పు మహాకష్టం. ఈ పనిలో ఉన్న ప్రతి గృహ నిర్వాహకుడికీ నా విన్నపం: పిల్లను ముద్దుగా ఏ పేరుతోనైనా పిలవండి, రిజిస్టరులో కన్నవాళ్లు పెట్టిన పేరే రాయించండి.

తెల్లవారుజాము ప్రార్థన అందరికీ తప్పనిసరిగా ఉండేది. ఇష్టమున్నవాళ్లు రావచ్చు, లేనివాళ్లు ఆరింటిదాకా పడుకోవచ్చు అని మార్చమన్నాను. అయ్యగారికి ఇది అన్నిటికంటే కష్టమైంది. నేనూ మందిరానికి వెళ్లే కుటుంబంలో పెరిగినదాన్నే కాబట్టి ఆయన బాధ నాకు తెలుసు. బలవంతంతో మోకరించిన బిడ్డ ప్రార్థన ఎవరికి చేరుతుందని అడిగితే, చాలాసేపు ఆలోచించి, సరే అన్నారు. పెద్ద పిల్లల్లో కొందరు కొన్నాళ్లు హాయిగా నిద్రపోయారు. పాటల కోసం చాలామంది తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. రానివాళ్లను ఎవరూ ఏమీ అనకుండా చూడటం అమ్మగారు తన పనిగా పెట్టుకున్నారు.

వారానికి ఒక సాయంత్రం అమ్మగారి కుటుంబం నలుగురూ విడిగా గడిపేందుకు ఊళ్లోంచి ఒక సహాయకురాలిని పెట్టుకున్నారు. ఆ జీతం ఒక స్థానిక సంఘం ఇస్తోంది.

తీజ్

శ్రావణంలో తండాల్లో తీజ్ చేస్తారు. పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో మట్టిపోసి గోధుమలు చల్లి, తొమ్మిది రోజులు నీళ్లు పోసి, పాటలు పాడి, మొలకలు పెరిగాక నిమజ్జనం చేస్తారు. బుట్ట ఎవరిదైతే మొలక వాళ్లది. అక్క తన ఈడు పిల్లలు తీజ్ చేసుకుంటున్నారని విని, తనకూ బుట్ట కావాలని అడిగింది. ఆమె మూడేళ్లలో ఆ గృహాన్ని అడిగిన మొట్టమొదటి కోరిక అది.

అయ్యగారు వద్దన్నారు. తాను ఎవరికి జవాబుదారో ఆ దేవుడి ముందు ఈ పిల్ల ఆత్మకు తానే బాధ్యుణ్ణని ఆయన నమ్మకం. దాన్ని తేలిగ్గా తీసుకోలేదు. చట్టరీత్యా ఈ పిల్ల మతం ఆమె కుటుంబానిది, గృహానిది కాదని, మనకు అప్పజెప్పింది సంరక్షణ మాత్రమేనని చెప్పాను. ఆయన్ని కదిలించింది ఆ మాట కాదనుకుంటాను. అమ్మగారు వంటింట్లోంచి వచ్చి, "క్రిస్మస్‌కు మీ అమ్మ మిమ్మల్ని బోర్డింగ్ నుంచి పిలిపించుకునేది కదా" అన్నారు. ఆయన మరేమీ మాట్లాడలేదు.

మరో చిక్కు వచ్చింది. గృహంలో ఉన్న బిడ్డకు సమితి ఇచ్చే సెలవు మామూలుగా ఒక్కసారికి ఏడు రోజులు దాటదు, ప్రయాణం అదనం. తీజ్ తొమ్మిది రోజులు. తల్లి దీనికి దారి కనుక్కుంది. మొదటి రోజు కూతురి పేరు చెప్పి తానే గోధుమలు చల్లి, రెండు రోజులు నీళ్లు పోసింది. మూడో రోజు ఇద్దరు పిల్లలూ తండాకు చేరారు. పాటలు రాని తమ్ముడు మిగతా పిల్లల వెంట పరుగులు పెట్టాడు. వారం తర్వాత వచ్చేసరికి వాడి నోట లంబాడీ మాటలు వినపడ్డాయి. తిట్లే ఎక్కువ. అమ్మగారు ఫోను చేసి చెబుతూ నవ్వారు.

ఇంటికి పంపడం

2016 అక్టోబరు దాకా ఈ రెండు చోట్లూ ఒకే వరంగల్ జిల్లా. ఇప్పుడు గృహం ఒక జిల్లాలో, తండా మరో జిల్లాలో. రెండు సమితులు, రెండు జిల్లా బాలల పరిరక్షణ విభాగాలు, రెండు విచారణ నివేదికలు. ఇలాంటి కేసుల్లో కాగితం ఎక్కడ ఆగిందో తెలుసుకోవడానికే సగం శ్రమ పోతుంది. ఎవరో ఒకరు ఫైలు తనదనుకుని వెంటపడకపోతే అది కదలదు.

బాలల పరిరక్షణకు కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో, సంస్థ నుంచి కుటుంబానికి తిరిగి వెళ్లే పిల్లలకు ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ (ఆర్థిక సాయం) ఉంది. గ్రామాల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 మించకూడదు. ఇద్దరికీ దరఖాస్తు చేశాం, మంజూరైంది. నెలకు 8,000 రూపాయలు. వితంతు పింఛను 2,016 కూడా వస్తే 10,016. మిరప ముఠాతో నాలుగు నెలలు పోతే ఆమె చేతిలో మిగిలేదెంతో కూర్చుని లెక్కవేశాం. గుడారం ఖర్చు, మేస్త్రీ వాటా, తిండి, దారి ఖర్చులు తీసేస్తే, ఈ డబ్బుతో పోకుండా ఉండవచ్చని ఆమే తేల్చింది. పత్తి, ఉపాధి హామీ పనులు తండా దగ్గరే చేసుకుంటానంది. ఈ లెక్క ఆమె నోటితో రావాలి. మనం చెబితే మొదటి కష్టానికే అది మన లెక్క అయిపోతుంది.

తొందరపడవలసిన కారణం మరొకటి ఉంది. ఇంకో మూడేళ్లు ఆగితే తమ్ముడికి పదేళ్లు నిండుతాయి, బాలికల గృహంలో ఉంచడానికి వీల్లేదు. అప్పుడు వాణ్ణి బాలుర గృహానికి పంపాలి. తల్లికి దూరమైన పిల్లవాణ్ణి అక్కకు కూడా దూరం చేయడమే అది.

దసరా సెలవుల్లో పిల్లలు తండాలో ఉండి చూశారు. విద్యా సంవత్సరం చివర సమితి పునరుద్ధరణ ఉత్తర్వు, అంటే పిల్లలను తల్లికి తిరిగి అప్పగించే ఉత్తర్వు, ఇచ్చింది. అక్క వెళ్లడానికి వెనకాడింది. అక్కడ విడిగా చదువుకునే చోటు లేదు, ఇంట్లో మరుగుదొడ్డి లేదు, పదమూడేళ్ల పిల్ల అడగవలసిన ప్రశ్నలే అడిగింది. వాటిని 'సర్దుకుపో' అని తోసేయకూడదు. మరుగుదొడ్డి పూర్తయ్యాకే తేదీ ఖరారు చేశాం. దాని పైకప్పు రేకులు అయ్యగారి సంఘంవాళ్లు ఇచ్చారు.

బయలుదేరే రోజు అమ్మగారు మూట కట్టిచ్చారు. బట్టలు, పుస్తకాలు, పిల్లవాడి టీకాల కార్డు, వాడి మందుల చీటీ, పెద్ద పిల్ల మార్కుల జాబితాలు. ఫోను నంబరు తల్లి చేతి మీద పెన్నుతో రాశారు. నేను ఆ నంబరును ఆమె ఫోనులో కూడా ఎక్కించాను.

ఇప్పటి పరిస్థితి

పిల్లలు తండాలో ఉంటున్నారు. తమ్ముడు ప్రాథమిక పాఠశాలకు పోతున్నాడు, పక్క తడపడం తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. అక్క ఉన్నత పాఠశాలకు పక్క ఊరికి నడిచి పోతుంది. లెక్కల్లో వెనకబడింది. గృహంలో సాయంత్రం చదివించేవాళ్లు ఉండేవారు, ఇక్కడ లేరు. ఇది నష్టమే. దాన్ని పూడ్చడానికి తండాలో డిగ్రీ చదివే ఒక అమ్మాయితో మాట్లాడాను, ఇంకా కుదరలేదు. స్పాన్సర్‌షిప్ డబ్బు ప్రతి నెలా సమయానికి పడలేదు. పడని నెలల్లో తల్లి అప్పు చేసింది. మరణం ఆలస్యపు నమోదుకు కావలసిన ఉత్తర్వు వచ్చింది, ధ్రువపత్రం చేతికి అందింది, పింఛను దరఖాస్తు మాత్రం ఇంకా పెండింగులో ఉంది. మిరప సీజను వస్తే ముఠా మేస్త్రీ అడ్వాన్సు చేతిలో పెడతాడు. పింఛను అంతలోపు రాకపోతే ఆమె ఏం నిర్ణయిస్తుందో నేను హామీ ఇవ్వలేను. అందుకే ఆ సీజను మొదలుకాక ముందే తండాకు వెళ్లి, అవసరమైతే ఆ నెలలకు పిల్లలను దగ్గరి సీజనల్ హాస్టల్లో (వలస వెళ్లే కూలీల పిల్లల కోసం ఆ నెలల్లో నడిపేది) ఉంచే ఏర్పాటు చేయాలని ప్రణాళికలో రాశాను.

గృహంలో మిగిలిన పిల్లల ఫైళ్లు అమ్మగారితో కలిసి ఒక్కొక్కటి తిరగేస్తున్నాం. చాలామందికి తల్లో, తండ్రో, అవ్వో ఉన్నారు. అందరినీ పంపలేం. కొన్ని ఇళ్లలో పిల్లకు రక్షణ లేదు, అలాంటి పిల్లలకు ఈ గృహమే ఇల్లు, అది బాగుండాలి. మిగతావాళ్ల విషయంలో ప్రతి ఫైలుకూ ఒకే ప్రశ్న వేస్తున్నాం: ఈ కుటుంబానికి ఏడాదిలో ఏ నెలలు కష్టం, ఆ నెలలు గట్టెక్కడానికి ఎంత కావాలి? ములుగు వైపు ఒక అవ్వ, ఇద్దరు మనవరాళ్ల ఫైలు ఇప్పుడు బల్ల మీద ఉంది. అవ్వకు చూపు తగ్గింది, శుక్లాలు. ముందు ఆమెకు కంటి ఆపరేషన్ చేయించాలి. అయ్యగారు వచ్చే వారం ఆమెను ఆసుపత్రికి తీసుకెళ్తానన్నారు.